గుండె నరాల్లో సున్నం బోరు నీళ్ళ నుంచి రాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ కడప జిల్లా పేజీల్లో నీళ్ళలోని సున్నం గురించి అరపేజీ వ్యాసం వేశారు. బోరు నీళ్ళలో ఉండే సున్నం, అంటే కాల్షియం, ఒంట్లోకి పోయి, గీజరు కడ్డీకి తెల్లగా పట్టినట్టే గుండె నరాల, అంటే రక్తనాళాల లోపల పొరలు పొరలుగా పట్టుకుంటుందని, సున్నపురాయి నేల కాబట్టి మన జిల్లాలో ఈ ప్రమాదం ఎక్కువని, క్యాన్ నీళ్ళకు మారితే పోతుందని దాని సారాంశం. అదే పేజీలో కింద వాటర్ ప్లాంటు ప్రకటన కూడా ఉంది. రెండూ ఒకరే రాసినట్టున్నాయని మా టీ కొట్టు దగ్గర నవ్వుకున్నాం గానీ, ఆ వ్యాసం చదివి మందులు ఆపేయబోయినవాళ్ళు ఉన్నారు కాబట్టి నవ్వి ఊరుకోవడానికి లేదు. ఉత్తరం కొంచెం పొడుగైంది. చోటు చాలకపోతే నా సోది ఎంతైనా కత్తిరించండి, మాత్రల గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ను కాను. ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటిలా మిషన్‌లో ట్యూబు పెడితే కాగితం బయటికొచ్చే కాలం కాదు మాది, రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ చేత్తోనే చూసేవాళ్ళం. ఎర్రగుంట్ల నుంచి, జమ్మలమడుగు నుంచి, మైదుకూరు పక్క పల్లెల నుంచి జనం వచ్చేవాళ్ళు. ఒక ఊరిలో నీళ్ళు తాగితే నాలుక గరగరలాడేది, ఇంకో ఊరిలో పెన్నా నీళ్ళు తియ్యగా ఉండేవి, రక్తంలో కాల్షియం మాత్రం ఎవరిది చూసినా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే. దీన్ని దాటితేనో తగ్గితేనో కిడ్నీ వైపో, మెడలో థైరాయిడ్ వెనకాల ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల వైపో, ఇంకేదైనా జబ్బు వైపో డాక్టర్లు చూసేవాళ్ళు తప్ప, మీ ఊరి బోరు ఎన్ని అడుగులని ఎవరూ అడగలేదు. మనం ఎంత కాల్షియం మింగినా రక్తంలో ఎంత ఉండాలో ఆ గ్రంథులు, కిడ్నీలు, ఎముకలు కలిసి చూసుకుంటాయి. పేగులు కూడా వచ్చిందంతా పీల్చుకోవు, పావు వంతో మూడో వంతో తీసుకుని మిగతాది బయటికి పంపేస్తాయి.

అసలు లెక్క వేసి చూడండి. తాగే నీళ్ళలో కాల్షియం లీటరుకు 75 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే నీళ్ళు దొరకని చోట 200 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. ఆ గరిష్ఠం ఉన్న నీళ్ళే రోజుకు రెండు లీటర్లు తాగినా 400 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 350 ఉంటుంది, పెద్ద గ్లాసు పాలలో 300 దాకా ఉంటుంది. తిన్న కాల్షియమే గుండెకు పట్టేట్టయితే తరతరాలుగా రెండు పూటలా సంగటి ముద్దలు మింగిన రాయలసీమ ఎప్పుడో ఖాళీ అయిపోవాల్సింది! ఇంకో తమాషా ఏమిటంటే 1960లో అమెరికాలో హెన్రీ ష్రోడర్ అనే ఆయన రాష్ట్రాలవారీగా లెక్కలు తీస్తే, గుండెజబ్బు మరణాలు సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు తాగే చోట్ల కాస్త తక్కువగా, మెత్తని నీళ్ళ చోట్ల కాస్త ఎక్కువగా కనబడ్డాయి. దాన్నిబట్టి గట్టి నీళ్ళు గుండెకు మందు అని నేను అనడం లేదు, అలాంటి లెక్కల్లో వేరే కారణాలు సవాలక్ష కలుస్తాయి. మీ వ్యాసం చెప్పినదానికి అవి విరుద్ధంగా ఉన్నాయని మాత్రం చెప్పగలను.

క్యాన్ నీళ్ళు వద్దని కూడా అనడం లేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్ళు మన సీమలో ఉన్నాయి, అక్కడ పళ్ళు, ఎముకలు పాడవుతాయి, శుద్ధి చేసిన నీళ్ళు కావాల్సిందే. నీళ్ళ గురించి రాయాలంటే ఫ్లోరైడ్ మీద రాయండి. లేని భయం పుట్టిస్తే ఉన్న భయం మరుగున పడుతుంది.

సరే, నీళ్ళ నుంచి కాకపోతే నరాల్లోకి ఆ సున్నం ఎట్లా వచ్చింది అని అడుగుతారు. ఉన్న మాట నిజమే. షుగరు ముదిరి కాలు తీసేసిన కేసుల్లో ముక్కలు మా ల్యాబుకు వచ్చేవి. రక్తనాళం కోయబోతే కత్తి కింద కరకరమనేది, వేళ్ళతో నొక్కితే పెళుసుగా విరిగేది. ఆ ముక్కను ముందు యాసిడ్‌లో నానబెట్టి కాల్షియం తీసేయకపోతే పలచగా కోసే మైక్రోటోమ్ యంత్రం బ్లేడు పాడయ్యేది, బ్లేడు పాడైతే పై నుంచి తిట్లు మాకు. నానబెట్టకుండా తీసిన పలచటి ముక్కకు వెండి రసాయనంతో రంగు వేస్తే కాల్షియం ఉన్నచోటల్లా నల్లగా తేలేది. అప్పుడు మైక్రోస్కోపులో చూస్తే తెలిసేది ఏమిటంటే, ఆ నలుపు నాళం లోపలి అంచు మీద, రక్తం పారే వైపు అంటుకుని ఉండదు. గోడ మధ్యలో ఉంటుంది. షుగరు, కిడ్నీ రోగుల్లో ఎక్కువగా గోడ నడిమి కండర పొరలో కనబడుతుంది, గుండె నాళాల్లో అయితే లోపలి పొర కింద కొవ్వు పేరుకున్నచోట, అంటే అందరూ బ్లాకు అనేచోట. గీజరు కడ్డీకి సున్నం పైన పడుతుంది, గోకితే ఊడుతుంది. దీన్ని గోకడానికి పైన ఏమీ ఉండదు. మీ వ్యాసంలో మొదటి తప్పు ఇదే.

రెండో సంగతి ఇంకా పెద్దది. ఇది దానంతట అది పేరుకునే సున్నం కాదు, అక్కడి కణాలు చేసే పని. నాళం గోడలోని కండర కణాలు కొవ్వు వల్ల, వాపు వల్ల, షుగరు వల్ల, ఫాస్ఫేటు ఎక్కువైతే దానివల్ల తమ పని వదిలేసి ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. 1993లో అమెరికాలో లిండా డెమర్ బృందం గట్టిపడ్డ బ్లాకుల్లో ఎముకను పెంచే ప్రొటీన్ ఉందని చూపించింది. కొందరి మెడ నాళాల్లో అయితే నిజమైన ఎముకే, లోపల మజ్జతో సహా కనబడుతుంది. దీనికి బోరు నీళ్ళు ఏం చేస్తాయి పాపం?

ఇక కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీన్ల కథ. మీ వ్యాసంలో దీని ఊసే లేదు, నాకు మాత్రం ఇందులో అన్నిటికంటే ఆసక్తి ఇదే. 1974లో, రక్తం గడ్డకట్టించే ప్రోత్రాంబిన్ అనే ప్రొటీన్‌లో ఒక కొత్త రకం అమైనో ఆమ్లం బయటపడింది. పేరు గామా కార్బాక్సీ గ్లుటామిక్ ఆమ్లం, పొట్టిగా గ్లా అంటారు. మామూలు గ్లుటామిక్ ఆమ్లానికి విటమిన్ కే సాయంతో ఇంకో కార్బాక్సిల్ గుంపు తగిలిస్తే ఇది తయారవుతుంది, అట్లా రెండు రుణావేశాలు పక్కపక్కన చేరి కాల్షియాన్ని పట్టుకుంటాయి. తర్వాత ఏడాదికల్లా ఎముకలో కూడా గ్లా ఉన్న ప్రొటీన్ దొరికింది, అదే ఆస్టియోకాల్సిన్. 1976లో బోస్టన్‌లో జేన్ లియాన్, పాల్ గాలప్ వాళ్ళు గట్టిపడ్డ రక్తనాళాల బ్లాకుల్లో వెతికితే అక్కడా గ్లా కనబడింది. 1979లో ఆ బ్లాకుల్లోని ప్రొటీన్‌కు ఎథిరోకాల్సిన్ అని పేరు కూడా పెట్టారు, ఆ పేరు ఇప్పుడు పెద్దగా వినబడదు లెండి. కాల్షియం ఉన్నచోట కాల్షియం పట్టుకునే ప్రొటీన్ దొరికింది కదా, ఇంకేముంది, ఇదే కాల్షియాన్ని లాక్కొచ్చి గట్టిపరుస్తోందని ఎవరికైనా మొదట తోచేది అదే.

కానీ కథ అడ్డం తిరిగింది. 1983లో పాల్ ప్రైస్ వాళ్ళు ఎముక నుంచి మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్ అనే ఇంకోదాన్ని వేరుచేశారు. దీన్ని రక్తనాళాల కండర కణాలు కూడా తయారుచేస్తాయి. 1997లో జెరార్డ్ కార్సెంటీ బృందం ఈ ప్రొటీన్ జన్యువు లేకుండా చుంచెలుకలను పుట్టించి చూసింది. ప్రొటీన్ కాల్షియాన్ని లాక్కొచ్చేదే అయితే, అది లేని ఎలుకల నాళాలు మెత్తగా ఉండాలి. జరిగింది దానికి తలకిందులు! నాళాలు నిలువునా గట్టిపడి, రెండు నెలల్లోపే మహాధమని పగిలి చచ్చిపోయాయి. అంటే అది కాల్షియాన్ని పట్టుకునేది గోడలో గడ్డకట్టకుండా ఆపడానికన్నమాట. మనుషుల్లో కూడా ఈ జన్యువు చెడిపోయినవాళ్ళు చాలా అరుదుగా ఉన్నారు, వాళ్ళకు మృదులాస్థి గట్టిపడుతుంది గానీ నాళాలు ఎలుకలంత ఘోరంగా దెబ్బతినవు. ఎలుకకు జరిగింది మనిషికి అచ్చు అట్లాగే జరగదు, ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇదొక్కటే కాదు. లివరు తయారుచేసే ఫెట్యుయిన్-ఏ అనే ప్రొటీన్ రక్తంలో తిరుగుతూ కాల్షియం ఫాస్ఫేటు చిన్న చిన్న రేణువులుగా ఉండగానే చుట్టేసి పెరగకుండా చేస్తుంది. ఆస్టియోపాంటిన్ అని ఇంకోటి బ్లాకుల్లో కనబడుతుంది, అది కూడా స్ఫటికాలు పెరగకుండా అడ్డుకుంటుంది. మన రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు రెండూ మామూలుగానే కలిసి గడ్డకట్టగలిగేంత ఉన్నాయి, పుట్టిన దగ్గర నుంచి మనం రాయిగా మారకుండా ఉన్నామంటే ఇట్లాంటివి రాత్రింబవళ్ళు పనిచేయబట్టే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒంట్లోకి సున్నం ఎంత పోతోందని కాదు, దాన్ని అదుపులో పెట్టేవి ఎందుకు ఓడిపోతున్నాయని.

ఫాస్ఫేటు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట, ఇది కత్తిరించినా నేనేమీ అనుకోను. రక్తంలో ఫాస్ఫరస్, అంటే ఈ ఫాస్ఫేటునే, కొలవడానికి మేము చేసిన పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపెట్టింది. మాలిబ్డేట్ అనే రసాయనం పోసి రెండో రసాయనం చుక్కలు వేస్తే ట్యూబులో నీలం మెల్లగా తేలుతుంది, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. డయాలసిస్ రోగుల ట్యూబులు రంగు ముదురు కొలిచే కలరీమీటరులో పెట్టక ముందే తెలిసిపోయేవి, అంత ముదురు నీలం వచ్చేది. భీమవరంలో పుట్టిన మనిషి పేరున్న పరీక్షను సీమలో మేము రోజూ చేస్తున్నామని మా పిల్లలకు చెబితే పట్టించుకునేవాళ్ళు కాదు, సెలబ్రిటీ కాదు కదా ఆయన.

ఇప్పుడు అసలు విషయం. మీ వ్యాసం చివర్లో, రక్తం పలచబడే మాత్రలు కూడా నరాల్లో సున్నం పెంచుతాయని ఒక వాక్యం వేసి వదిలేశారు. ఆ వాక్యం పూర్తి అబద్ధమైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్, ఇవి విటమిన్ కే పనిని అడ్డుకుంటాయి. అందువల్లే గడ్డకట్టించే ప్రొటీన్లలో గ్లా సరిగా తయారుకాక రక్తం పలచగా ఉంటుంది. అదే దెబ్బకు నాళాల్లోని మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్‌లో కూడా గ్లా తగ్గుతుంది. వార్ఫరిన్ ఇచ్చిన ఎలుకల నాళాలు వారాల్లోనే గట్టిపడ్డాయని 1998లో పాల్ ప్రైస్ వాళ్ళే చూపించారు. ఏళ్ళ తరబడి వాడే మనుషుల్లో కూడా కాల్షియం కొంత ఎక్కువ కనబడుతోందని పరిశోధనలు ఉన్నాయి. ఇంతవరకు నిజం. కానీ ఆ మాత్ర ఎవరు వేసుకుంటారు? చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె వాల్వు చెడి, లోహపు వాల్వు వేయించుకున్నవాళ్ళు వేసుకుంటారు. మన పల్లెల్లో అట్లాంటివాళ్ళు ఎంతమందో, అందులో వయసులో ఉన్న ఆడవాళ్ళు ఎంతమందో ఏ గుండె డాక్టర్నడిగినా చెబుతాడు.

మా వీధిలోనే ఒకామె ఉంది, వాల్వు మార్చి చాలా ఏళ్ళయింది. పేపరు చేతిలో పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నా, ఈ మాత్తర్లే నా గుండెలో సున్నం పోస్తాండాయంట, పేపర్లో ఏసినారు సూడు, నిలిపేద్దునా?" అని అడిగింది. అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా నిలిపేసినవాళ్ళు? లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టడానికి నెలలు అక్కర్లేదు, వాల్వు బిగుసుకుపోతే ఊపిరాడదు, గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతం. నరాల్లో కాల్షియం ఏళ్ళ మీద వచ్చే సంగతి, ఇది రోజుల్లో ప్రాణం తీసే సంగతి. వేరే మందుకు మారదామా అంటే లోహపు వాల్వులకు అదీ కుదరదు. డబిగట్రాన్ అనే కొత్త మందుతో ప్రయత్నిస్తే గడ్డలు, రక్తస్రావాలు రెండూ ఎక్కువై పరీక్షను మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కాబట్టి ఎసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు, రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పొద్దు, గోంగూర, పాలకూర లాంటివి రోజూ తినే అలవాటుంటే అదే కొలతలో తినాలి, వారమంతా మానేసి ఒక రోజు గిన్నెడు లాగించకూడదు. ఈ నాలుగు మాటలు మీ పేపర్లో అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో రావాలి. నా ఉత్తరం వేయకపోయినా ఇది వేయండి.

విటమిన్ కే తగ్గితే నాళాలు గట్టిపడతాయని తేలగానే, విటమిన్ కే2 మాత్రలు మింగితే గట్టిపడ్డవి కరిగిపోతాయని అమ్మేవాళ్ళు బయల్దేరారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. డెన్మార్క్‌లో 365 మంది మగవాళ్ళకు, మహాధమని వాల్వు గట్టిపడటం మొదలైనవాళ్ళకు, సగం మందికి కే2, డి విటమిన్ కలిపి పెద్ద మోతాదులో రెండేళ్ళు ఇచ్చి, మిగతావాళ్ళకు ఉత్త మాత్రలు ఇచ్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది, కాల్షియం పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా లోహపు వాల్వు ఉన్నామె ఎవరో చెప్పారని కే2 మాత్రలు మొదలుపెడితే ఎసిట్రోమ్ పని దెబ్బతింటుంది, ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు. అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కాచి తాగితే బ్లాకులు కరుగుతాయనే వాట్సాప్ మెసేజ్ గురించి నేనేం రాయను, మీకూ వచ్చే ఉంటుంది.

ఇంకొందరు హైదరాబాదు, బెంగళూరు పోయి సీటీ స్కాన్‌లో గుండె నాళాల కాల్షియం స్కోరు తీయించుకుని వస్తున్నారు. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ వాళ్ళు పెట్టిన లెక్క అది, పనికొచ్చే పరీక్షే. రిస్కు ఎంతుందో, కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు ఆలోచించుకోవడానికి. కానీ స్కోరు 300 వస్తే 30 శాతం బ్లాకు అని కాదు, సున్నా వస్తే మెత్తటి కొవ్వు బ్లాకులు అసలే లేవని కాదు. స్టాటిన్ అనే ఆ కొలెస్ట్రాల్ మందు వాడేవాళ్ళకు స్కోరు కొంచెం పెరగొచ్చు కూడా, మెత్తటి బ్లాకు గట్టిపడి నిలకడకు వస్తుంది కాబట్టి. అది చూసి మందే సున్నం పోస్తోందని స్టాటిన్ ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. చిన్న చిన్న చుక్కలుగా ఉన్న కాల్షియం పెద్ద పలక లాంటిదానికంటే ప్రమాదం కావచ్చని ఇప్పుడు అంటున్నారు. ఇది నీళ్ళ సున్నం కథతో తేలే వ్యవహారం కాదు.

కాల్షియం మాత్రల మీద మాత్రం నిజంగానే వాదన ఉంది, దాచాల్సిన పనిలేదు. 2008లో, 2010లో న్యూజిలాండ్ వాళ్ళు మాత్రలు వాడేవారిలో గుండెపోటు కొంచెం ఎక్కువ ఉందన్నారు, కాదని వాదించినవాళ్ళూ ఉన్నారు, ఇంకా తెగలేదు. తిండిలో వచ్చే కాల్షియం మీద అలాంటి ఫిర్యాదు లేదు. అందుకని ఎముకలు గుల్లబారినవాళ్ళు డాక్టర్ రాసిన మాత్రలు ఆపేయక్కర్లేదు, ఎవరూ రాయకుండా మెడికల్ షాపులో కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు ఒకసారి అడిగితే మంచిది.

మా పక్క సందులో ఒక పెద్దాయన మీ వ్యాసం చదివి తాంబూలంలో సున్నం మానేశాడు. వక్క, పొగాకు కాడ యథాప్రకారం నములుతున్నాడు, భోజనం తర్వాత బీడీ కూడా ఉంది. బీపీ మాత్ర గురించి అడిగితే అది తల తిరిగినప్పుడు వేసుకుంటానన్నాడు. గుండె నరాలను పాడుచేసేవి వరసగా ముందు పెట్టుకుని, వాటిని వదిలేసి వేలికి అంటుకునే ఆవగింజంత సున్నాన్ని పట్టుకున్నాడాయన. ఆయన్ని ఏమనాలి, పేపర్లో అట్లా వచ్చింది మరి.

మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా రావాల్సినవాళ్ళు కిడ్నీ రోగులు, వాళ్ళ ఊసు ఎక్కడా లేదు. కాల్షియం, ఫాస్ఫరస్ అదుపు తప్పి నాళాలు నిజంగా గట్టిపడేది వాళ్ళకే ఎక్కువ, వయసుతో పనిలేకుండా. వాళ్ళకు డాక్టర్లు ఫాస్ఫరస్ పేగుల్లోనే పట్టేసే మాత్రలు రాస్తారు. అవి తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకోవాలి కాబట్టి ముద్దతో పాటే కడుపులోకి పోవాలి. ఖాళీ కడుపున వేసుకుని, వేసుకున్నాం కదా అని ఊరుకునేవాళ్ళను చాలామందిని చూశాను, ట్యూబులో నీలం మాత్రం తగ్గేది కాదు. జిల్లాలో డయాలసిస్ చేసే డాక్టర్లలో ఎవరితోనైనా మాట్లాడి, ఆ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి ఎందుకు తగ్గించాలో రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా